జ్వరం తగ్గాక మొదలైన ఆదివారాలు

నా జ్వరానికి మొదట చూపించుకున్న డాక్టరు పేరు రాయను. మా అనంతపురంలో ఆయనకు మంచి పేరుంది, పొద్దున్నే క్లినిక్ ముందు జనం టోకెన్ల కోసం నిలబడతారు. విడాల్ పరీక్ష చూసి టైఫాయిడ్ అన్నాడు. మందులు వాడినా జ్వరం పోలేదు. రెండోసారి వెళ్లినప్పుడు మా ఆయన, "ఈమె వీధికుక్కలకు, దెబ్బ తగిలిన ఆవులకు సేవ చేస్తుంటుంది సార్, దానివల్ల ఏమన్నా వచ్చిందేమో..." అని అడగబోయాడు. డాక్టరు రాస్తున్న చీటీ మీద నుంచి తల ఎత్తలేదు. "కుక్కల్ని, గొడ్లని చూసుకునేదానికి టైముంటుంది, ఒళ్లు చూసుకునేదానికి ఉండదు. మనుషులు కరువైనారామ్మా నీకు?" అన్నాడు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కోపం తర్వాత వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ మాట అనడానికి పట్టిన సమయంలోనే "ఏ జంతువును ముట్టుకున్నావు, ఏం చేశావు?" అని అడిగి ఉంటే నా రోగం వెన్నెముక దాకా పాకకముందే దొరికేది.

అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది. 2025 సంక్రాంతి అయిపోయిన కొన్నాళ్లకు ఒక రాత్రి, హైవే పక్కన చూలు ఆవు పడిపోయి ఉందని ఫోన్ వచ్చింది. నెలలు నిండకముందే దూడ లోపలే చనిపోయి, సగం బయటికి వచ్చి ఆగిపోయింది. దెబ్బ తగిలిన జంతువులను చూసుకునే మా గ్రూపుకు సాయం చేసే పశువుల డాక్టరు సార్ వేరే ఊళ్లో ఉన్నారు. ఆయన ఫోన్లో చెబుతుంటే ఇద్దరు కుర్రాళ్లు ఆవు తల పట్టుకున్నారు, నేను దూడను లాగాను. ఉన్న ఒక్క జత గ్లౌజులు మధ్యలోనే చిరిగిపోయాయి. దూడ వెంట పడాల్సిన మావి తెల్లవారేదాకా పడలేదు. ఆవు మాత్రం బతికింది.

దాని తర్వాత కొన్ని వారాలకు నాకు జ్వరం మొదలైంది. సాయంత్రం అయ్యేసరికి వణుకు, అర్ధరాత్రికి చెమటలు, తెల్లారితే ఏమీ లేనట్టు ఉండటం. మోకాళ్లు, తుంటి, నడుము నొప్పులు. శివరాత్రి వచ్చింది, ఊళ్లో చలి పోయింది, నా వణుకు పోలేదు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి గురించి చెప్పాలి. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, ఆ రాత్రి బెంగళూరు బస్సు డ్యూటీలో ఉన్నాడు. కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉండే మా అమ్మ నన్ను చూసుకోవడానికి వచ్చింది. ఒంటిగంటకో, రెండింటికో దుప్పటి పిండితే నీళ్లు కారేంతగా చెమట పట్టింది. పక్కకు తిరగబోతే నడుము దగ్గర ఏదో పట్టేసింది, కాళ్లు కదలలేదు. అరిచాననుకున్నాను, గొంతు రాలేదు. అప్పుడే ఫోన్ వెలిగింది. మా కుర్రాడు ఒకడు పంపిన ఫోటో, లారీ కింద పడి వెనక కాళ్లు ఈడ్చుకుంటున్న కుక్క. కింద "అక్కా, ఏం చేద్దాం చెప్పండి" అని ఉంది.

ఆ ఫోటో చూశాను. నాకు ఏమీ అనిపించలేదు. జాలి లేదు, బాధ లేదు. కాసేపటికి ఒక్క ఆలోచన మాత్రం వచ్చింది. అది పోతేనే మేలు, దానితో పాటు నేను కూడా పోతే ఇంకా మేలు అని. కాళ్లు కదలకపోవడం కంటే ఆ ఆలోచనకే నేను ఎక్కువ భయపడ్డాను. ఇన్నేళ్లుగా ఏ ప్రాణం ఆపదలో ఉందన్నా పరిగెత్తిన మనిషిని నేనేనా అనిపించింది. ఫోన్ బోర్లా పెట్టి, చేత్తో మంచాన్ని కొట్టి అమ్మను లేపాను. అమ్మ బట్టలు మార్చింది, నడుము కింద దిండు పెట్టింది, తెల్లారేదాకా నా చెయ్యి వదలకుండా కూర్చుంది. ఆ కుక్క తెల్లవారుజామున చనిపోయింది. ఆ పిల్లవాడు ఒక్కడే దాని పక్కన రోడ్డు మీద కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

నా జబ్బేమిటో కనిపెట్టింది పశువుల డాక్టరు సారే. టైఫాయిడ్ అని విని ఊరుకున్న ఆయన, ఒకరోజు చూడటానికి వచ్చి అమ్మ మాటల్లో సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, నడుము అని విన్నారు. "ఆ ఆవు దూడను లాగింది నువ్వే కదమ్మా?" అని అడిగారు. వెంటనే బ్రూసెల్లా పరీక్ష చేయించమన్నారు. పాజిటివ్ వచ్చింది. పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బు ఇది. పూర్వం దీన్ని మాల్టా జ్వరం అనేవాళ్లట. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు మాల్టా దీవిలో ఈ క్రిమిని కనిపెట్టాడు, అది మేకపాల ద్వారా వస్తోందని 1905లో అక్కడి వైద్యుడే జమ్మిట్ తేల్చాడు. అప్పటి నుంచీ తెలిసిన జబ్బు, గొర్రెలు, మేకలు ఇన్ని ఉన్న మా జిల్లాలో ఒక పెద్ద డాక్టరుకు గుర్తు రాలేదు. రిపోర్టు కాపీ ఒకటి ఆయన కాంపౌండరు చేతికి ఇచ్చి వచ్చాను. జవాబు రాలేదు.

ఎంఆర్‌ఐ, రక్తపరీక్షలు, ఆసుపత్రి తిరుగుళ్లు అన్నీ ఎలాగో అయిపోయాయి. మామూలుగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు ఇస్తారు, నాకు వెన్నెముకకు పట్టింది కాబట్టి మూడు నెలలు అన్నారు. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రమే కాదు, కన్నీళ్లు కూడా నారింజ రంగులోకి మారతాయి. ముందే చెప్పి నా భయం తీర్చిన పెద్దాసుపత్రి నర్సమ్మకు చేతులెత్తి దండం పెడతాను. మా వదిన మాత్రం నా కంచం, గ్లాసు వేరే పెట్టింది. ఇది మనిషి నుంచి మనిషికి మామూలుగా అంటదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అదే వదిన మూడు నెలలూ నా బట్టలు ఉతికింది. ఆమె మీద కోపం పెట్టుకోవాలో వద్దో నాకు ఇంకా తేలలేదు.

జ్వరం తగ్గుతున్న రోజుల్లో మా గ్రూపు వాళ్లు చూడటానికి వచ్చేవాళ్లు. కుక్కపిల్లల్ని చంపే పార్వో జబ్బు ఏ కుక్కకు వచ్చిందో, ఏ కాలనీలో విషం పెట్టారో, ఎవరికి ఎంత అప్పుందో చెప్పి వెళ్లేవాళ్లు. ఒకరోజు వాళ్లు వెళ్లాక అమ్మ అంది: "మే, నీ వాళ్లు మంచోళ్లే. కానీ వచ్చినోళ్లంతా చావింటికి వచ్చినట్లు కూసుంటారేమే? ఒక్కరన్నా నవ్వింది చూల్లేదు. మీ కాడ ఏ పానమూ బతకదా?"

బతుకుతాయి. చాలా బతుకుతాయి. ఆ రాత్రి పడుకుని ఒక్కొక్కదాన్నే తలుచుకున్నాను. ఇటుక బట్టీ దగ్గర కాపలా కాస్తున్న గుడ్డి కుక్క, చాకలాయన ఇంట్లో ఉన్న గాడిద, పూలమ్మే ఆమె బుట్ట పక్కన రోజంతా పడుకునే మూడు కాళ్ల కుక్క. ఇవన్నీ మా చేతుల మీదుగా బాగై వెళ్లినవే. వాటి గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మా వాట్సాప్ గ్రూపు నిండా గాయాలే. ఒకటి కోలుకునేసరికి ఇంకోటి వచ్చి పడేది, కోలుకున్నదాని ఫోటో ఎవరూ పెట్టేవాళ్లు కాదు. ఒకసారి ఒక కుర్రాడు కుక్కపిల్లలతో తన పుట్టినరోజు కేకు కోసిన ఫోటో పెడితే, "పిల్లలు పార్వోతో పోతుంటే మీకు కేకులా?" అని ఎవరో రాశారు. వాడు మళ్లీ రాలేదు. ఎందరు వచ్చి అలా వెళ్లిపోయారో! వాళ్లది గుండె ధైర్యం లేకపోవడం అని మేం అనుకున్నాం. అది అన్యాయం. వాళ్లకు మేం దుఃఖం మాత్రమే పంచాం.

ఈ మాట సార్‌తో అంటే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. పశువైద్యుల్లో ఆత్మహత్యలు మామూలు జనంలో కంటే ఎక్కువని అమెరికా, బ్రిటన్‌లలో అధ్యయనాలు ఉన్నాయని అప్పుడు చెప్పారు. ఆయన తన కోసం ఒక అలవాటు పెట్టుకున్నారట. బాగైన పశువును ఏ వైద్యం అవసరం లేకపోయినా ఒకసారి వెళ్లి చూసొస్తారు. రైతు ఇంట్లో మజ్జిగ తాగి, పశువు వీపు నిమిరి వస్తారు. "ఫీజు అదేనమ్మా" అన్నారు. మా గ్రూపులో ఉన్న రిటైరైన సంస్కృతం మాస్టారు దానికి పతంజలి యోగసూత్రం ఒకటి జోడించారు. సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహం, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లను చూసి సంతోషం, చెడు చేసేవాళ్ల పట్ల ఉపేక్ష, ఈ నాలుగూ ఉంటేనే మనసు తేటపడుతుందట. మేం ఇన్నాళ్లూ రెండోదాని మీదే బతికాం. నేను పెద్ద భక్తురాలిని కాను, కానీ ఆ మాట నాకోసమే చెప్పించాడు దేవుడు అనిపించింది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. వంతుల ప్రకారం ఇద్దరు ఎమర్జెన్సీ ఫోన్లు చూస్తారు. మిగతావాళ్లం బాగైన జంతువుల ఇళ్లకు వెళ్తాం. చందా అడగం, చెకప్పులు చేయం. ఉగ్గాని, బజ్జీ తిని, కుక్కతో ఆడి వస్తాం. ఆ రాత్రి రోడ్డు మీద ఒక్కడే కూర్చున్న పిల్లవాడే ఇప్పుడు ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో రాసిపెడతాడు.

ఆ జూన్‌లో ఏరువాక పున్నమి వచ్చింది. బుక్కరాయసముద్రం దారిలో ఒక రైతు ఇచ్చిన రేకుల షెడ్డులో మా ముసలి ఎద్దులుంటాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేకుండా పోయినవి. వాటికి పండగ చేద్దామంది అమ్మ. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎట్లా చేసేవాళ్లో చెబుతూ అందరికీ పనులు పంచింది. ఎద్దుల్ని కడిగారు, కొమ్ములకు రంగులు పూశారు, మెడలో గజ్జెలు కట్టారు. పొంగలి వండి ముందు వాటికి పెట్టారు. గోగునార తోరణం కట్టి, ఊళ్లోలాగే చెర్నాకోలతో కొడితే పీచు ఎవరికి దొరికితే వాళ్లది. బెంగళూరులో చదువుకున్న కుర్రాళ్లు ఆ పీచు కోసం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక ఎద్దు గజ్జెల చప్పుడు వినగానే చెవులు నిక్కించి, తనంతట తాను నడిచి వెళ్లి షెడ్డు మూలన ఉన్న పాత కాడి పక్కన నిలబడింది. అది చూసి ఆ రైతు ఏడ్చాడు, వెంటనే నవ్వాడు. మాత్రలతో నేను ఎండలో తిరగకూడదు. వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని నవ్వితే నడుము నొప్పి పుట్టింది, అయినా ఆపలేదు. సార్ వాళ్ల చిన్నపాప "మా నాన్న ఇంత గట్టిగా నవ్వుతాడా?" అని నన్ను అడిగింది.

అందరూ ఒప్పుకోలేదు. ఈ గ్రూపును మొదలుపెట్టిన పెద్దక్క ఆ ఫోటోలు చూసి, "రోడ్డు మీద అవి చస్తుంటే మీరు కొమ్ములకు రంగులు పూస్తున్నారు" అని రాసి వెళ్లిపోయింది. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. ఆమె మీద గౌరవం పోదు. కానీ ఆమె మాట తప్పు. ఆమె రాత్రుళ్లు నిద్రపోయి ఎన్నేళ్లయిందో నాకు తెలుసు, నిద్రమాత్రల సంగతీ తెలుసు. మేం నవ్విన రోజు ఏ ఫోన్ కాలూ వదిలిపెట్టలేదు. నేను ఆమె ఇంటికి వెళ్లి ఈ మాటే చెప్పాను. వినలేదు. మళ్లీ వెళ్తాను.

ఆ ఏడు ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు 11న ఇచ్చిన ఉత్తర్వు, 22న దాన్ని సవరిస్తూ ఇచ్చిన ఇంకో ఉత్తర్వు వచ్చినప్పుడు ఇక్కడి కాలనీల్లో కూడా తిట్లు మొదలయ్యాయి. అన్నం పెడుతున్న ఆడపిల్లల్ని గేటు దగ్గర ఆపి అరిచారు. ఇదివరకైతే అలాంటి వారం తర్వాత ఇద్దరు ముగ్గురు మానేసేవాళ్లు. ఈసారి ఎవరూ మానలేదు. ఆ ఆదివారం అందరం పూలమ్మే ఆమె దగ్గరికి వెళ్లాం, ఆమె మమ్మల్ని తిట్టినవాళ్లను మా కంటే గట్టిగా తిట్టింది.

ఇది చదివే పశువుల కాపరులకు, పాడి రైతులకు, మాలాంటి వాళ్లకు చెప్పేది ఇదే. చూలు పోయిన పశువును, మావిని గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. పాలు పచ్చివి తాగకండి, కాచి తాగండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలకు ప్రభుత్వం వేసే బ్రూసెల్లా టీకా వేయించండి. జ్వరం సాయంత్రాలు వచ్చి వారాలు గడిచినా పోకపోతే, డాక్టరు అడగకపోయినా మీరు పశువుల పని చేస్తారని చెప్పండి. ఆయన తల ఎత్తేదాకా చెప్పండి. ఏదీ అనిపించని స్థితి వస్తే అది మీ మనసు చెడ్డదై రాలేదు, ఈ జబ్బులో మనసు కుంగడం కూడా ఉంటుంది. ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఎవరినైనా లేపండి.

మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉందని నాకు ఇంకా రక్తపరీక్షలు చేస్తున్నారు. ఈ ఆదివారం మా వాళ్లు తాడిపత్రి దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్తున్నారు, హైవే పక్కన దొరికిన ఆ ఆవు ఇప్పుడు అక్కడే ఉంది. పశువుల్లో ఈ జబ్బును పూర్తిగా నయం చేసే వైద్యం లేదు, అందుకే మిగతా పశువులతో కలపకుండా వేరేగా ఉంచుతున్నాడు ఆ రైతు, అయినా మేతకు లోటు లేదు. అమ్మ వెళ్తానంది, సార్ వాళ్ల పాప కూడా. ఎమర్జెన్సీ ఫోన్ వంతు నాది కాబట్టి నేను ఇంట్లోనే ఉంటాను. వీడియో కాల్ చేయమని చెప్పాను.