పాత పెన్నీల్లో రాగి ఎంత?
అమెరికాలో రాగి కోసం పెన్నీలు (ఒక సెంటు నాణేలు) ఏరేవాళ్లు ముందు చూడాల్సింది నాణెం మీది సంవత్సరం. లింకన్ బొమ్మవి 1981 దాకా 95 శాతం రాగే (1943 స్టీలువి తప్ప), బరువు 3.11 గ్రాములు. 1983 నుంచి లోపలంతా జింకు, పైన రాగి పూత, 2.5 గ్రాములు. తిరకాసంతా 1982తోనే, ఆ ఏడు రెండు రకాలూ కొట్టారు. 0.1 గ్రాము చూపే కాటా మీద ఒక్కొక్కటే పెట్టండి. నాలుగైదు కలిపితే తేడా దొరకదు. గట్టి బల్ల మీద వేస్తే రాగిది ఖంగుమంటుంది, జింకుది టప్పుమని ఊరుకుంటుంది. పూత మీద పొక్కులుంటే అది జింకుదే, సందేహం లేదు.

146 రాగి పెన్నీలైతే దాదాపు ఒక పౌండు బరువు. అయితే 2006 డిసెంబరు నుంచి కరిగించడం నేరం, కాబట్టి వాటిలోని రాగి విలువ ప్రస్తుతానికి కాగితం మీదే. ఇండియాకి మూటగట్టుకొచ్చే ఆలోచనా వద్దు: వెంట తీసుకెళ్లడానికి మామూలుగా 5 డాలర్ల వరకే, అంటే 500 నాణేలే.