కుక్కలకి టీకాలేయించిన ప్రొఫెసర్ గారు

డ్వైట్ కాంకర్‌గుడ్ అనే పేరు మన దగ్గర చాలామందికి తెలీదు, కమ్యూనికేషన్ చదివినవాళ్లలో కూడా ఏ కొందరికో తెలుసు. చికాగో పక్కనే ఉన్న నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పర్ఫార్మెన్స్ స్టడీస్, అంటే నాటకం, ఊరేగింపు లాంటి ప్రదర్శనల గురించిన చదువు, చెప్పేవారు, 2004 నవంబర్‌లో క్యాన్సర్‌తో పోయారు, అప్పటికి ఆయనకి 55 ఏళ్లే. నేను ఆయన్ని చూడలేదు, ఆయన క్లాసు వినలేదు, అయినా నాకు ఆయన సారే, పల్లెల్లో హెల్త్ ప్రచారం పని చేస్తూ ఏం చెయ్యాలో తోచనప్పుడల్లా ఆయన రాసిందే తీసి చదువుకుంటా.

ఆయన గురించి ఎవరికి చెప్పినా ముందు కుక్కల సంగతే చెప్తా. 1985లో థాయ్‌లాండ్‌లో బాన్ వినాయ్ అని శరణార్థుల క్యాంపు, లావోస్ కొండల్లోంచి యుద్ధం తర్వాత పారిపోయి వచ్చిన హ్మాంగ్ జనం నలభై వేలమందికి పైగా అక్కడ కిక్కిరిసి ఉండేవాళ్లు. రేబిస్ భయం పట్టుకుంది, మీ కుక్కల్ని తీసుకురండి టీకాలేస్తాం అని వైద్య సిబ్బంది చెప్తే ఒక్కరు కూడా కదల్లేదు. అప్పుడు అక్కడ హెల్త్ ప్రచారం పని మీద ఉన్న సార్‌ని ఏదైనా చెయ్యమన్నారు. ఆయన హ్మాంగ్ కళాకారులతోనే కూర్చుని, వాళ్ల కథల్లో ఉండే పులి, కోడి, కుక్క వేషాలు కట్టించి క్యాంపులో ఊరేగింపు తీయించారు. పులి ఆడుతూ వాళ్ల వెదురు వాయిద్యం ఊదుతుంటే, కుక్క పాడుతూ డోలు కొడుతుంటే, కోడి చేతిమైకు పట్టుకుని రేబిస్ ఎలా వస్తుందో చెప్పింది. హ్మాంగులు కోడిని బట్టి శకునం చూస్తారు, అందుకని కోడి నోట వచ్చిన హెచ్చరికకి అక్కడ విలువుంటుంది. మర్నాడు పొద్దున టీకా వేసే చోట ఎక్కడ చూసినా కుక్కలే, చంకనేసుకుని వచ్చినవాళ్లు కొందరు, తాడు కట్టి లాక్కొచ్చినవాళ్లు కొందరు, తోపుడుబండి మీద తెచ్చినవాళ్లు ఇంకొందరు.

ఇది విని అందరూ భలే ఐడియా అంటారు. ఐడియా సరే, అంతకన్నా ముందు ఆయన క్యాంపులోనే కాపురం పెట్టారు, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. తాటాకు గుడిసె లాంటిది, అందులో ఓ మూల ఏడు కోళ్లు, ఒక పంది. విరేచనాలు పట్టుకుంటే వాళ్ల ఆకుమందే తిన్నారు. డెంగీ వచ్చినప్పుడు ఇంగ్లీషు వైద్యం చేయించుకుంటూనే వాళ్ల పూజారినీ రానిచ్చారు, ఇంటి మీద బెంగతో మీ ఆత్మ చికాగో వెళ్లిపోయింది అని ఆ పూజారి చెప్పి దాన్ని వెనక్కి రప్పించడానికి రెండు కోళ్లు కోశాడు. తమ చేత ఇంత వైద్యం చేయించుకున్న మనిషి చెప్తే వాళ్లు వినకుండా ఎలా ఉంటారు!

ఇంకో సంగతి, క్యాంపులో పనిచేసే బయటివాళ్లు ఈ జనానికి శుభ్రత లేదు అని విసుక్కునేవాళ్లు. సార్ మాత్రం ఇంతమందిని ఇంత ఇరుకులో కుక్కి, చాలినన్ని నీళ్లు, మరుగుదొడ్లు లేకుండా చేసి ఆ తప్పు వాళ్ల ఆచారాల మీదకి నెడుతున్నారని తేల్చి చెప్పారు. నేర్చుకోవాల్సింది జనమే కాదు, సిబ్బంది కూడా అన్నారు. మా దగ్గర ఓ ఊళ్లో కళాజాతా, అంటే ఆటపాటలతో చేసే ప్రచారం, జరిగినప్పుడు నాకీ మాట గుర్తొచ్చింది. మరుగుదొడ్డి మీద పాట అయిపోయాక ఓ ముసలమ్మ లేచి, "పాట బానే ఉంది గానీ బోరు ఎండిపోయింది, నీళ్లేవి నాయనా?" అని అడిగింది, అప్పటికే డప్పులు జీపెక్కేశాయి, పక్కూరి టైమయిపోతోంది. ఆమెకి ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆయన ఎక్కడైనా ఇంతే. 1987 చివర్లో చికాగోలో ఆల్బనీ పార్క్ అనే పేట, రకరకాల దేశాలవాళ్లు ఉండే పాడుబడ్డ అపార్ట్‌మెంట్, బిగ్ రెడ్ అనేవాళ్లు దాన్ని, ప్రొఫెసర్ అయ్యుండీ వెళ్లి అందులో అద్దెకి దిగారు. ఇరుగుపొరుగుల్లో ఒకడిగా బతకాలనే ఆయన తాపత్రయం. ఆ పేటలో గ్యాంగుల్లో తిరిగే కుర్రాళ్లని కూడా వాళ్ల మధ్య ఉండే అర్థం చేసుకున్నారు, వాళ్లు గోడల మీద రాసే రాతల్ని పాడుపని అని తీసెయ్యకుండా ఒక భాషలా చదివారు. చివరి ఏళ్లలో మరణశిక్షల మీద రాశారు, ఉరి తీయడం, విషపు ఇంజక్షన్ ఇచ్చి చంపడం కూడా రాజ్యం జనానికి చూపించే ప్రదర్శనే అని, చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆయన ముఖ్యమైన వ్యాసాలు కలిపి పుస్తకంగా వచ్చింది 2013లో, ఆయన పోయిన తొమ్మిదేళ్లకి. అది దొరికితే ముందు బాన్ వినాయ్ వ్యాసమే చదవండి, ముఖ్యంగా ఆశా వర్కర్లతో, పీహెచ్‌సీలతో పనిచేసేవాళ్లు. అందులో ముఖ్యమైన విషయాల్ని తెలుగులో మాటామంతీగా రాసి మా కళాజాతా కుర్రాళ్లకి ఇవ్వాలని మొదలుపెట్టా, కోళ్లూ పందీ ఉన్న గుడిసె దాకా వచ్చింది, కలిసి చేద్దాం అనుకునేవాళ్లుంటే చెప్పండి.