డిరైడ్ (deride) పక్కన ఎట్ (at) ఒప్పుకుని ఏడాది పోగొట్టుకున్నా (సీజీఎల్ అనుభవం)

అందరికీ నమస్తే అండి. మొన్న సీజీఎల్ (డిగ్రీ వాళ్ళు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి రాసే పరీక్ష) ఫైనల్ లిస్టులో నా నంబర్ కనపడింది, మా అమ్మతో కూడా ఒకసారి చదివించాకే నమ్మకం కుదిరింది. మాది అమలాపురం దగ్గర పల్లె, టెన్త్ దాకా తెలుగు మీడియం. మ్యాథ్స్, రీజనింగ్ అందరూ చదివినట్టే చదివా, వాటి గురించి రాయను. పోయినసారి నన్ను ముంచింది ఇంగ్లీషు, దాని గురించే రాస్తా.

అప్పుడు టైర్ 2 (రెండో దశ పరీక్ష) ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, "దే డిరైడెడ్ ఎట్ హిజ్ ప్లాన్" లాంటి వాక్యం వచ్చింది. నో ఎర్రర్ పెట్టేశా. వాణ్ణి చూసి నవ్వారు అంటాం కదా, లాఫ్ ఎట్ నోటికి అలవాటైపోయి ఇక్కడా ఎట్ కరెక్టే అనిపించింది. డిరైడ్‌కి ఎట్ రాదండి. రైటయితే 3, తప్పయితే 1 కోత, ఒక్క ప్రశ్నకి 4 మార్కుల తేడా, నేను పోయింది రెండున్నర మార్కుల్లో. కీ చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. చదవక పోలేదు నేను, డిరైడ్ అంటే ఎగతాళి అని యాప్‌లో వందసార్లు చూశా, కాకపోతే మాక్, రిడిక్యూల్, స్కాఫ్, జీర్, టాంట్ అన్నిటి పక్కనా అదే ఎగతాళి రాసుకున్నా.

ఆ వారమే కాలవగట్టు మీద టీ కొట్టు దగ్గర ఒకాయన "ఏవండీ ఇన్‌స్పెక్టరు గారూ, జాయినింగ్ ఎప్పుడండీ" అన్నాడు. మాటలన్నీ మర్యాదే, కానీ లోపల గుచ్చుకుంది. ఇది వెటకారం, అంటే సార్కాజం. పక్కనే ఉన్న బాబాయ్ "ఈడి వల్ల ఏమవుద్దిలే" అని తీసిపారేశాడు, అది స్కాఫ్. ఇంటికొస్తే అత్తయ్య "నీ తోటోళ్ళంతా ఉద్యోగాల్లో ఉన్నార్రా" అని దెప్పింది, అది టాంట్. ఏడుపొచ్చింది గానీ మూడూ ఒకటి కాదని ఆ రోజే తెలిసింది. గోదావరి వాళ్ళం, వెటకారం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఇన్ని మాటలు మన నోట్లోనే పెట్టుకుని అన్నిటికీ ఎగతాళి అని ఎందుకు రాసుకోవాలి?

రాత్రికి కొత్త నోట్‌బుక్ తీశా. గుంపుగా అరిచి గేలి చేస్తే జీర్, మూతి విరిస్తే స్నీర్, దేనికీ పనికిరాడన్నట్టు హేళన చేస్తే డిరైడ్, దాని నౌన్ డెరిజన్. మాక్‌కి వెక్కిరించడంతో పాటు అనుకరించడం అనే అర్థం కూడా ఉంది, మాక్ టెస్ట్ అంటే నిజం పరీక్షలా పెట్టేది. స్కాఫ్, స్నీర్ వెనక ఎట్ వస్తుంది, జీర్ ఎట్‌తోనూ వస్తుంది, ఎట్ లేకుండానూ వస్తుంది, డిరైడ్, రిడిక్యూల్, టాంట్ వెనక నేరుగా మనిషే. డిరైడ్, రిడిక్యూల్, రిడిక్యులస్ మూడింటికీ మూలం లాటిన్‌లో నవ్వడం అనే మాటే, అందుకే కలిపి గుర్తుంటాయి. ఇంకోటి జాగ్రత్త: డిరైసివ్ అంటే హేళనగా ఉన్నది, డిరైసివ్ స్మైల్ లాగా. డిరైసరీ అంటే మరీ నవ్వొచ్చేంత తక్కువ. మా నాన్న దించిన కొబ్బరికాయలకి కొనేవాడు చెప్పిన రేటు వినగానే మా నాన్న మొహం వాడిపోయింది చూడండి, ఆ రేటు డిరైసరీ. ఈ మాట నేను ఇక జన్మలో మర్చిపోను.

తర్వాత ఏడాదంతా పొద్దున్నే నాలుగున్నరకి లేచి రోజుకి పది పదాలు, ఒక్కోదానికి మా ఊళ్ళో జరిగిన సంగతితో ఒక వాక్యం. పండక్కి కూడా ఆపలేదు, కోడిపందేల బరికి వెళ్ళలేదని ఫ్రెండ్స్ అలిగారు, అలిగితే అలిగారు. టైం లేదనేవాళ్ళు ఒక్కసారి ఫోన్లో స్క్రీన్ టైం చూసుకోండి తమ్ముళ్ళూ, కోపం తెచ్చుకోకండి, నేనూ చూసుకున్నాకే చెప్తున్నా.

ఈసారి టైర్ 2లో ఖాళీ పూరించే ప్రశ్న, పాత ఓటమిని ఎత్తి చూపి ఒకణ్ణి ఏదో చేశారు, వెనక ఎట్ లేదు, ఆప్షన్లలో జీర్డ్, స్నీర్డ్, స్కాఫ్డ్, టాంటెడ్. అత్తయ్య గొంతు వినపడింది, టాంటెడ్ పెట్టేసి తర్వాత ప్రశ్నకి వెళ్ళిపోయా.