ఏప్రిల్లో బీడు, సెప్టెంబరులో చెనిక్కాయ చేను

తిరుపతిలో నేను పనిచేసే చిన్న కన్సల్టెన్సీకి ఆ మధ్య ఒక సోలార్ ప్లాంటు పని వచ్చింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, పుంగనూరు దాటాక ఒక ఊరు. 50 మెగావాట్లు. మెగావాటుకు నాలుగైదు ఎకరాల లెక్కన 250 ఎకరాల దాకా కావాలి. ఆ నేలను ఇప్పుడు ఎవరు దేనికి వాడుకుంటున్నారు, ప్లాంటు వస్తే ఏం మారుతుంది అన్నది రాసివ్వడం నా వంతు.

పెద్ద బొగ్గు ప్లాంటయితే 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద బోలెడు తతంగం ఉంటుంది. ముసాయిదా రిపోర్టు, 30 రోజుల ముందు నోటీసు, షామియానా కింద ప్రజాభిప్రాయ సేకరణ. సోలార్‌కు అవేమీ లేవు, ఆ నోటిఫికేషన్ దీనికి వర్తించదు. అప్పిచ్చే బ్యాంకు అడిగింది కాబట్టి కంపెనీ మా దగ్గరికొచ్చింది, అంతే. అంటే ఊళ్ళోవాళ్ళ చేతికి మైకు ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను అడిగి రాసుకుంటేనే వాళ్ళ మాట కాగితం ఎక్కుతుంది. పని మొదలుపెట్టిన రోజు ఈ సంగతి నా బుర్రకు తట్టనేలేదు.

మొదట అందరూ చేసేదే చేశాను. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అందులో ఒక్కో చుక్క 10 మీటర్లకు 10 మీటర్లు, ఎకరానికి సుమారు 40 చుక్కలు. మబ్బులు లేని చిత్రం కావాలి కాబట్టి ఏప్రిల్‌ది తీసుకున్నాను. సాయంత్రానికల్లా రంగుల మ్యాపు తయారైంది. చుట్టూ మామిడి తోటలు పచ్చగా, ఊరు ఎర్రగా, మనకు కావలసిన ముక్కలో ముప్పాతిక వంతు బూడిద రంగు. బూడిద రంగంటే బంజరు. కంపెనీ మేనేజరు చూసి మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు? బంజరయితే రిపోర్టు పది పేజీల్లో తేలిపోతుంది.

మ్యాపు ఎంతవరకు నిజమో చూడటానికి 60 పాయింట్లు ఎంచుకుని, మే నెల ఎండలో జీపీఎస్ పట్టుకుని బయల్దేరాను. మూడో పాయింటు మ్యాపులో బంజరే. వంగి చూస్తే మట్టిలో చాళ్ళు. చాలు పక్కన మట్టి తవ్వితే ఒక చెనిక్కాయ, అదే వేరుశెనగ కాయ, బయటపడింది. వేళ్ళతో నొక్కితే పెంకు విరిగి, లోపల గింజకు బదులు ఎర్రమట్టి రాలింది. గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకాయన ఆగి, "ఏం సార్, చెనిక్కాయలు ఏరుకుంటా ఉండారా?" అన్నాడు.

"ఇది బీడు కదా పెద్దాయనా?" అన్నాను.

నన్ను ఎగాదిగా చూశాడు. "వాన పడనీ సార్. ఆషాఢం పోయినాంక వచ్చి చూడు."

గది చేరేసరికి టెన్షన్ పట్టుకుంది. అప్పటికే ఆ మ్యాపు మేనేజరు ఫోన్‌లో ఉంది, ఆయన దాన్ని ఎవరెవరికి పంపాడో కూడా తెలియదు. మళ్ళీ కూర్చుని మూడేళ్ళ చిత్రాలు తిరగేశాను. ఖరీఫ్‌లో ఎటు చూసినా మబ్బులే. చివరికి పనికొచ్చేవి సెప్టెంబరువి రెండు దొరికాయి. ఏప్రిల్లో బూడిద రంగున్న చోట సగానికి పైగా పచ్చగా ఉంది. అదంతా వానాధారం చెనిక్కాయ. జూన్, జూలైల్లో విత్తి, దీపావళి అటూ ఇటూగా పీకేస్తారు. మిగతా ఆరేడు నెలలు చూస్తే అది బీడులాగే ఉంటుంది. పైరు లేనప్పుడు ఆ చేలల్లోనే గొర్రెలు మేస్తాయి. నా సాఫ్ట్‌వేర్‌లో ఒక ముక్కకు ఒకటే పేరు పెట్టాలి. ఇక్కడేమో ఒకే చేనుకు రెండు కాపురాలు.

రికార్డుల దగ్గర ఇంకో చిక్కు. నేల ఎవరి పేరున ఉందో చెప్పే 1-బీ రికార్డులో పేర్లు చూసుకుని వెళితే ఆ మనుషుల్లో కొందరు బెంగళూరులో ఉన్నారు. సాగు వివరాలు రాసే అడంగల్లో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు, అంటే నేలను నిజంగా సాగుచేసుకునేవాడికి, ఒక గడి ఉంటాయి. చాలా చోట్ల రెండింట్లోనూ పట్టాదారు పేరే రాసేశారు. దున్నేది మాత్రం వేరేవాళ్ళు, నోటిమాట కౌలు. నేల తీసుకున్నందుకు కంపెనీ ఇచ్చే లీజు డబ్బు పట్టాదారుకు వస్తుంది, చేను పోయేది దున్నేవాడికి. ఆ దున్నేవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. వీఆర్వో, ఆ గొర్రెల పెద్దాయన, నేను కలిసి రెండు రోజులు రచ్చబండ దగ్గర కూర్చుని సర్వే నంబరు వారీగా రాసుకున్నాం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉపగ్రహ చిత్రంలో అసలు కనిపించలేదు. సైటు నడిమధ్య నుంచి ఒక వంక, అంటే చిన్న వాగు, పోతుంది, వెడల్పు నాలుగైదు అడుగులు. గుట్టలూ వాగులూ చూపించే పాత సర్వే మ్యాపులో (టోపోషీటు) అది సన్నటి నీలం గీత. ఏడాదిలో పారేది కొద్ది రోజులే, కానీ కింద ఊరి చెరువులోకి నీళ్ళొచ్చేది ఆ కొద్ది రోజుల్లోనే. ప్యానెళ్ళ కోసం నేల చదును చేసి వంకను పూడిస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయో ఎవరూ ఆలోచించలేదు. రిపోర్టులో దీనికి నాలుగు పేజీలు ఇచ్చాను. కౌండిన్య అభయారణ్యం అక్కడికి దగ్గర్లో లేదు కాబట్టి ఏనుగుల సంగతి ఒక పేరాతో ముగిసింది.

"స్టాండర్డ్ లిస్టులో బంజరు అని ఉంది కదా, అదే పెట్టండి" అని మేనేజరు మూడుసార్లు ఫోన్ చేశాడు. "వానాధారం ఏకపంట, పంట తర్వాత మేత" అని రాసి, పక్కన ఏప్రిల్, సెప్టెంబరు చిత్రాలు రెండూ అతికించి పంపాను. బ్యాంకు వాళ్ళు ఆ పేజీ మీదే ప్రశ్నలడిగారు. తర్వాత లేఅవుట్ మారింది. వంకకు అటూ ఇటూ వదిలారు, గొర్రెలకు ఒక దారి పెట్టారు. కౌలు రైతులకు నష్టపరిహారం రాసిన పేరాకు మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

మొన్న పెద్దాయన ఫోన్ చేశాడు. "దావ యాడ పెట్టినారు సార్?" అన్నాడు. లొకేషన్ పంపుదామంటే ఆయనది బటన్ ఫోను. మ్యాపు తెరిచి పెట్టుకుని, వేపమాను కాడి నుంచి గుట్ట పక్కగా, వంక దాటి, చెరువు కట్ట దాకా అని నోటితోనే చెప్పాను. "వంక దాటే కాడ గుంత ఉండాది, గొర్రెపిల్లలు దిగలేవు" అన్నాడు. ఆ గుంత నా మ్యాపులో లేదు.