బీపీ మాత్ర, ఉబ్బిన చిగురు

నిరుడు వేసవిలో పళ్లు తోముకున్నప్పుడల్లా నురుగు ఎర్రగా వచ్చేది. పై వరుసలో ముందు పళ్ల మధ్య చిగురు ఉబ్బి, సగం పంటిని కప్పేసింది. విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో తెలిసినవాళ్లు పలకరిస్తే కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. మొదట వెళ్లిన ఆసుపత్రిలో గార పట్టిందని చెప్పి శుభ్రం చేశారు. వాపు పోలేదు. ఏ మందులు వాడుతున్నానో అక్కడ ఎవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

సీతమ్మధారలో చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది అదే. "అమ్మా, బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారు?" ఆమ్లోడిపిన్. అది కొందరిలో చిగుళ్లను పెంచుతుందని, పాచి పేరుకుంటే మరీ పెరుగుతుందని చెప్పారు. ఆ రోజే మానేస్తానన్నాను. "మీ అంతట మీరు ఆపకండి" అని బీపీ డాక్టరుగారికి చీటీ రాసిచ్చారు. ఆయన మందు మార్చారు. మళ్లీ గార తీశాక వాపు కొంత తగ్గింది కానీ, గట్టిపడిపోయిన చిగురు అలాగే ఉండిపోయింది. దాన్ని కాంతితో కోసే డయోడ్ లేజర్ అనే పరికరంతో తీశారు.

లేజర్ అంటే సూది ఉండదనుకున్నాను. ముందు మత్తు సూదే ఇచ్చారు. నాకూ, ఆవిడకూ, నర్సుకూ రంగు కళ్లద్దాలు పెట్టారు. కోసే కాంతి కంటికి కనిపించదట, కనిపించే ఎర్ర చుక్క గురి కోసమే. పెన్ను లాంటి పరికరం కొసన సన్నని గాజుపోగు. అది చిగురును తాకగానే వెంట్రుక కాలిన వాసన. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కడంతో కోసిన చోటే రక్తనాళాలు మూసుకుంటాయి. చివర నాకు చూపించిన దూది మీద కందిగింజంత మరక మాత్రమే ఉంది. కుట్లు పడలేదు.

మా వదిన తన పిప్పిపన్నుకూ ఇదే చేయించుకుంటానంది. ఇది చిగురు లాంటి మెత్తని కండకే. పంటిని తొలిచేది ఎర్బియం అనే మరో రకం లేజర్, దానికి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది.

రెండు రోజులు సలిపింది. మజ్జిగన్నంతో గడిపాను. మూడో రోజు గాయం మీద తెల్లని పొర చూసి చీము పట్టిందేమోనని వణికిపోయి ఫోను చేస్తే, పుండు మానేటప్పుడు అలాగే ఉంటుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పారు. రెండు వారాలకు పళ్లు పూర్తిగా బయటపడ్డాయి. మూడు నెలలకోసారి వెళ్లి చూపించుకుంటున్నాను.

మావారూ బీపీకి ఆమ్లోడిపినే వేసుకుంటారు. ఒక ఆదివారం ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, పెదవి పైకెత్తి చూశాను. చిగుళ్లు లేత గులాబీ రంగులో, పళ్లను బిగుతుగా పట్టుకుని ఉన్నాయి.