సమ్‌టైమ్ కలిపి రాయాలా, విడగొట్టాలా?

సెలవు చీటీల్లో, ఆఫీసు మెయిళ్లలో స్పెల్‌చెక్‌కు చిక్కని తప్పొకటి ఉంటది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, మధ్యలో ఖాళీ దగ్గరే తేడా కొడుతుంది. కలిపి రాసినా విడగొట్టినా రెండూ నిఘంటువులో ఉన్నవే కాబట్టి కంప్యూటర్ ఎర్రగీత పెట్టదు.

కలిపి రాసిన సమ్‌టైమ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు. 'ఐ విల్ కమ్ టు హన్మకొండ సమ్‌టైమ్ నెక్స్ట్ వీక్' అంటే వచ్చే వారం ఏదో ఒకరోజు వస్తానని. విడగొడితే కొంతసేపు, కొంతకాలం: 'వి స్పెంట్ సమ్ టైమ్ ఎట్ ద ఫోర్ట్' అంటే ఖిలాలో కాసేపు గడిపామని. చివర ఎస్ చేరితే ఒక్కోసారి, అప్పుడప్పుడు. అది ఎప్పుడూ ఒకే మాట. అనుమానం వస్తే ఆ చోట 'ఎ లాంగ్ టైమ్' పెట్టి చదవండి. 'ఐ లివ్డ్ ఇన్ కాజీపేట ఫర్ ఎ లాంగ్ టైమ్' నిలబడింది, కాబట్టి అక్కడ సమ్ టైమ్ విడిగానే రాయాలి. 'కాల్ మీ ఎ లాంగ్ టైమ్' అతకలేదు, కాబట్టి కలపాలి.

ఎవ్రీ డే కూడా ఇంతే. రోజూ అయితే రెండు మాటలు, రోజువారీ అయితే ఒకటి. మధ్యలో 'సింగిల్' పడితే విడగొట్టాలి. దుకాణం బోర్డు మీద 'ఓపెన్ ఎవ్రీడే' అని కలిపి రాస్తే తప్పే.

అసలు చిక్కంతా మన 'నుంచి' తోనే. 'మూడేండ్ల నుంచి', '2016 నుంచి' అని తెలుగులో రెంటికీ ఒకటే మాట సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అట్ల కుదరదు. 'నుంచి' ముందు లెక్క ఉంటే ఫర్, మొదలైన తేదీ ఉంటే సిన్స్. మహబూబాబాద్ 2016 అక్టోబర్‌లో జిల్లా అయింది, కాబట్టి 'సిన్స్ 2016'. 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్'లో ఒకటి కాదు, రెండు తప్పులు. క్రియ కూడా మారాలి: 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్'.

'లోగా' అంటే బై, 'దాక' అంటే అన్‌టిల్. శుక్రవారంలోగా ఫారం ఇవ్వాలి, శుక్రవారం దాక మార్కెట్ బంద్. స్పెల్లింగ్ వింత చూడండి: అన్‌టిల్‌కు చివర ఒక్క ఎల్, టిల్‌కు రెండు. టిల్ దాని పొట్టి రూపమేమీ కాదు, నిజానికి అదే పాత మాట.

మేడారం జాతర గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు జాగ్రత్త. రెండేండ్లకోసారి వచ్చేది బైఎనియల్: బి ఐ తర్వాత ఇ, రెండు ఎన్‌లు, చివర ఐ ఎ ఎల్. బైయాన్యువల్ అంటే ఏడాదికి రెండుసార్లు. బి ఐ తీసేస్తే అందులో యాన్యువల్ మొత్తం కనిపిస్తుంది. బైవీక్లీ అయితే వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా అన్నది ఇంగ్లిష్ వాళ్లకే తేలదు. ఆ మాటను వదిలేసి 'ఎవ్రీ టూ వీక్స్' అని రాస్తే గొడవ ఉండదు.

12 గంటలకు ఏఎం, పీఎం పెట్టకుండా నూన్, మిడ్‌నైట్ అని రాయండి. మిడ్‌నైట్‌తోనూ ఒక తంటా ఉంది: మనకు తెల్లారితేగాని రోజు మారదు, రైల్వేకు అర్ధరాత్రే మారుతుంది. టికెట్ మీద 15వ తేదీ 00:10 అని ఉంటే 14వ తేదీ రాత్రి భోజనం కాగానే కాజీపేట స్టేషన్‌కు బయల్దేరాలి.