లైటు కింద చర్మం చెప్పే లెక్క

పుట్టిన మూడో రోజుకే మా బాబు కళ్ళు పచ్చబడ్డాయి, కామెర్లన్నారు. నాది ఓ పాజిటివ్, వాడిది బి పాజిటివ్. ఇలా గ్రూపులు కలవనప్పుడు తల్లి నుంచి వెళ్ళిన యాంటీబాడీలు కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయట, దాంతో ఒంటిని పచ్చబరిచే బిలిరుబిన్ అనే పదార్థం పెరుగుతుందట. రక్తపరీక్షలో అది డెసిలీటరుకు 18.4 మిల్లీగ్రాములు వచ్చింది. వెంటనే కళ్ళకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టారు.

"పొద్దుటెండలో చూపిస్తే పోయేదానికి ఇంత హంగామా ఏంటే?" అంది మా అమ్మ. నాకైతే వాడి మడమల గురించే టెన్షన్. రక్తం కోసం గుచ్చిన చోటల్లా చిన్న చిన్న దూది పట్టీలు. మొదట్లో నుదుటికి ఆనిస్తే టక్కున అంకె చూపించే మీటరుతో చూశారు కదా, అదే మళ్ళీ పెట్టొచ్చుగా అని సిస్టర్‌ని అడిగాను.

"లైటు కింద ఉన్న చర్మం మీటరుకి అబద్ధం చెబుతుందమ్మా" అంది. లైటు పెట్టే ముందే ఆవిడ వాడి నుదుటి మీద వెలుతురు దూరని చిన్న పట్టీ అంటించింది. అప్పుడు దాన్ని మెల్లగా ఊడదీసి చూపించింది. చుట్టూ చర్మం తేటపడింది, పట్టీ ఉన్నంత మేర మాత్రం పసుపు రాసినట్టు నలుచదరంగా పచ్చగా ఉంది! మీటరు ఛాతీ మీద పెడితే 9.6, ఆ పచ్చని చోట పెడితే 13.5. రక్తంలో 14.2. ఛాతీ అంకె చూసి లైటు తీసేసి ఉంటే అన్న ఆలోచనకే నాకు చెమటలు పట్టాయి. పట్టీ కింది అంకె కూడా అంచనాకే, లైటు ఆపాలా వద్దా అన్నది రక్తపరీక్ష చూసే తేలుస్తామన్నారు డాక్టర్ గారు.

460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతి చర్మంలోని బిలిరుబిన్ రూపాన్ని మార్చేస్తుంది. అలా మారినది పైత్యరసంలో, మూత్రంలో తేలిగ్గా బయటికి పోతుంది. వెలుతురు తగిలిన చర్మం ముందు తెల్లబడుతుంది, రక్తంలో అంత త్వరగా దిగదు.

అసలీ వైద్యం పుట్టిందే ఇలాంటి పచ్చమచ్చ నుంచి. 1956లో ఇంగ్లండ్ ఎసెక్స్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ పసిపిల్లల్ని ఆరుబయట ఎండకు తిప్పేవారట. ఒక బిడ్డకు దుప్పటి కొస కప్పిన చోట మాత్రమే పచ్చదనం మిగిలిపోవడం ఆవిడ డాక్టర్లకు చూపించారు. 1958లో అది లాన్సెట్ అనే వైద్య పత్రికకెక్కింది. ఈ సంగతి చెబితే మా అమ్మ "చూశావా, ఎండే కదా!" అని గెలిచినట్టు మొహం పెట్టింది. ఎండకి డోసు ఉండదు, పసివాడి ఒళ్ళు కాలిపోతుందని నేనెంత చెప్పినా వినదే.

లైటు తీశాక మళ్ళీ పెరిగే వీలుంది కాబట్టి మర్నాడు ఇంకోసారి రక్తం తీశారు. పెరగలేదు. ఆపిన 24 గంటలు దాటాకే మామూలు చర్మం మీద మీటరు వాడారు. పాలు బాగా పట్టమన్నారు, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము తక్కువుందేమోనని పరీక్ష కూడా చేశారు. ఆ లోపం ఉన్న పిల్లలకు కలరా ఉండల వాసన కూడా ప్రమాదమేనట. రిపోర్టు నార్మల్ వచ్చినా, ట్రంకుపెట్టెలోంచి తీసిన పాత ఉయ్యాల చీరలన్నీ మా అమ్మ మళ్ళీ ఉతికి ఆరేసింది, ఎండలోనే.